పోయినదాని తూకం

మొన్న గురువారం రెండో పీరియడ్‌లో ఉండగా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. బడి వేళలో తను ఎప్పుడూ చేయదు. బోర్డు మీద సగం రాసిన సమీకరణాన్ని అలాగే వదిలేసి వరండాలోకి వచ్చాను.

"అక్కా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ తాగింది, గ్లాసు కడిగి బోర్లించింది, మంచం మీద ఒరిగింది. గంతే" అంది.

గొంతులో ఏడుపు లేదు. దవాఖానలో నర్సుగా పనిచేసే మనిషి. ఆ క్షణంలో ఆమెకు చేయవలసిన పనులే గుర్తుకొస్తున్నట్టున్నాయి. నేనే సమీకరణం చెరిపేసి, సెలవు చీటీ రాసి బయలుదేరాను.

మర్నాడు సమాధి చేశారు. మూడో రోజు ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరుగారు నా వైపు తిరిగి, "టీచరమ్మా, మీరు దగ్గరగ చూసినోళ్లు. నాలుగు ముచ్చట్లు చెప్పుండ్రి" అన్నారు. లేచి నిలబడ్డాను. ఆమె ప్రార్థనాపరురాలనీ, కష్టం తెలిసిన మనిషనీ అప్పటికే అందరూ చెప్పారు. అవన్నీ నిజమే. కానీ ఆ నిమిషాన నా బుర్రలో తిరుగుతున్నవి బర్రె తేన్పులు, ఆర్టీసీ బస్సు డీజిల్, ఫ్రిజ్ తలుపులో ఇరికించిన కాగితం ముక్క. ప్రార్థన కూడికలో వాటిని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కళ్లు తుడుచుకుని కూర్చున్నాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

చిన్నమ్మ అంటే మా అమ్మకు స్వయానా చెల్లెలు. పదో తరగతి మధ్యలోనే బడి మానేసింది. చిన్నాయన బొగ్గుబాయిలో, అదే బొగ్గు గనిలో, పనిచేసేవాడు. సర్వీసులో ఉండగానే గుండె జబ్బుతో పోయాడు. ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చి, బొగ్గు పరీక్ష చేసే ల్యాబులో వేశారు. మొదట్లో ఊడవడం, గిన్నెలు కడగడం. చూసి చూసి కొన్నేళ్లకు ల్యాబు పనంతా నేర్చుకుంది. గనుల నుంచి సంచుల్లో వచ్చిన బొగ్గును పగలగొట్టి, కలిపి, మెత్తగా నూరి, అందులోంచి ఒక్క గ్రాము తూచి, బొటనవేలంత పింగాణీ గిన్నెలో పోసి ఫర్నేసులో పెడతారు. కాలడం అయ్యాక గిన్నెలో మిగిలేది బూడిద. ఆ బూడిదను తూచి రాస్తారు. బూడిద ఎక్కువైతే బొగ్గు గ్రేడు తగ్గుతుంది. ఇరవై ఎనిమిదేళ్లపాటు ఆమె రోజూ చేసిన పని అదే.

ఆ పని ఆమె చేతుల్లోకి ఇంకిపోయింది. వంటింట్లో ఉప్పు డబ్బాను తీసుకునేటప్పుడు కూడా కింద బల్ల కదలకుండా నెమ్మదిగా తీసేది. ఏదైనా తూచాల్సి వస్తే రెండుసార్లు తూచేది. రెండు అంకెలూ కలవకపోతే మూడోసారి. "వేడి మీద తూకం వెయ్యొద్దు బిడ్డా, ముల్లు అబద్ధం చెప్తది" అనేది. వేడి గిన్నె చుట్టూ గాలి పైకి లేస్తుంది కాబట్టి తూకం తేడా వస్తుందని నేను కాలేజీలో చదువుకున్నాను. చిన్నమ్మ చదవకుండానే తెలుసుకుంది.

ఆమె రిటైరైన మరుసటి ఏడాది మా బడిలో సైన్సు ప్రదర్శన పెట్టాం. నేను తొమ్మిదో తరగతికి భౌతిక శాస్త్రం చెబుతాను. ఇంట్లో మనం చేసే మామూలు పనుల వల్ల, అంటే చాయ కాచడం, నీళ్లు వేడి చేసుకోవడం, ఫ్యాన్ వేసుకోవడం లాంటి వాటి వల్ల, భూమిని వేడెక్కించే వాయువులు ఎంత బయటికి పోతాయో పిల్లలతో అంచనా వేయించాలనుకున్నాను. బొగ్గు గురించి నాకంటే చిన్నమ్మకే ఎక్కువ తెలుసు గదా అని ఒక ఆదివారం చర్చి అయ్యాక వాళ్ల ఇంటికి వెళ్లాను.

నేను చెప్పిందంతా విని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న చేతులు ఆపేసింది.

"నేనొకటి అడుగుత, నవ్వకు" అంది. "గిన్నెల గ్రాము పోస్తిమి. బూడిద మూడో వంతో, ఇంక జర ఎక్కువనో మిగిలె. ఇరవై ఎనిమిదేండ్లు మిగిలినదాన్నే తూకమేసిన. మరి పోయింది ఏడికి పోయింది? దానికి తూకం లేదా?"

నవ్వలేదు. ఆ ప్రశ్న తొమ్మిదో తరగతిలో ఇప్పటిదాకా ఒక్కరూ నన్ను అడగలేదు.

పోయిందంతా గాలిలో కలిసిందనీ, కానీ పోయేటప్పుడు అది గాలిలోని ఆక్సిజన్‌ను వెంట తీసుకుపోతుందనీ చెప్పాను. పన్నెండు పాళ్ల కార్బన్ కాలితే ముప్పై రెండు పాళ్ల ఆక్సిజన్ కలిసి మొత్తం నలభై నాలుగు పాళ్ల వాయువు అవుతుంది. మన బొగ్గులో బూడిదా తేమా పోను కార్బన్ సగం కంటే తక్కువే అనుకున్నా, గ్రాము బొగ్గుకు దాదాపు గ్రామున్నర వాయువు పోతుంది.

చిన్నమ్మ నా మొహం వంక చూసింది. "పోసింది గ్రాము. బూడిద మిగలంగ, పోయింది గ్రామున్నరనా? ఏం చెప్తున్నవ్ బిడ్డా. నువ్వు టీచరు ఎట్లయినవ్?"

"పుస్తకంల ఉంది చిన్నమ్మా."

"పుస్తకంల ఉండనీ. చూపియ్యి."

మరుసటి ఆదివారం చూపించాను. హార్డ్‌వేర్ దుకాణంలో పాలిష్ పనివాళ్లు కొనే సన్నటి ఇనుప పీచు తీసుకెళ్లాను. చెక్క స్కేలుకు నడుమ దారం కట్టి కిటికీ చువ్వకు వేలాడదీసి, రెండు చివర్లా ఇనుప పీచు కట్టి సమంగా నిలబెట్టాను. ఒక వైపు పీచుకు అగ్గిపుల్ల ముట్టించాను. ఎర్రటి నిప్పురవ్వలు పీచులోపలికి పాకుతూ పోయాయి. అటు వైపు స్కేలు మెల్లగా కిందికి దిగింది.

చిన్నమ్మ ముక్కు దానికి తగిలేంత దగ్గరగా వంగింది. "కాలినవైపు దిగుతున్నదేంది?"

"గాలిని పట్టుకున్నది."

"ఆగు. వేడి మీద ఉన్నది. సల్లారనీ."

చల్లారేదాకా కదలకుండా నిలబడ్డాం. గాలి తగలకుండా కిటికీ మూసింది. చల్లారాక కూడా ఆ వైపు కిందికే ఉంది. రెండో పీచు ముట్టించి మళ్లీ చూసింది. అదీ అంతే. ఇనుము కాలితే పుట్టింది అక్కడే ఉండిపోతుంది కాబట్టి బరువు మన కంటికి కనిపించిందనీ, బొగ్గు కాలితే పుట్టేది గాలిలా వెళ్లిపోతుంది కాబట్టి కనిపించదనీ చెప్పాను.

 చిన్నమ్మ చేతిని గాల్లో అటూ ఇటూ ఆడించి, "గింత తూకం పెట్టుకొని ఏం తెల్వనట్టు ఉంటది" అంది గాలితో.

అక్కడి నుంచి చిన్నమ్మను పట్టలేకపోయాం. గ్యాస్ సిలిండర్ తెచ్చిన మనిషిని నిలబెట్టి, దానిలో పద్నాలుగు కిలోల పైచిలుకు గ్యాస్ ఉంటుందని నిర్ధారించుకుంది. కిలో గ్యాస్ కాలితే సుమారు మూడు కిలోల వాయువు అని నేను చెబితే లెక్కగట్టింది. నలభై రెండు కిలోలు. "పాపం, ఒక్క సిలిండర్ మోసుకొస్తుండు, మనం దానికి మూడంతలు పైకి పంపుతున్నం" అంది ఆ మనిషి వెళ్లిపోయాక.

ఒకసారి నాతో పెద్దపల్లికి బస్సులో పోతూ డ్రైవరును లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని అడిగింది. "మీరు ఏ ఆఫీసు నుంచమ్మా?" అని ఆయన అనుమానంగా చూశాడు. "ఏ ఆఫీసూ కాదు నాయినా, రిటైరైన" అంది. ఆయన ఐదు అన్నాడు. లీటరు డీజిల్ కాలితే రెండున్నర కిలోలకు పైగా వాయువు అని నేను చెప్పాను. పోయేటప్పుడు బస్సులో యాభైమంది ఉన్నారు. ఒక్కొక్కరి వంతుకు మూడు వందల గ్రాములు పడింది. మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు పదకొండు మందిమే. తలకు కిలోంబావు పైనే. ఊరి మొదట్లో కమాన్ దగ్గర బస్సు దిగి ఇంటిదాకా నడుస్తూ అదే మాట. "గదే బస్సు, గదే తొవ్వ, గదే సీట్ల గూసున్న. పొద్దుగాల మంచిదాన్ని, పగటీలికి చెడ్డదాన్ని ఎట్లయిత? నేను ఎక్కకున్నా బస్సు వచ్చేదే గదా?"

 ఇప్పటికీ సరైన జవాబు చెప్పగలనని అనుకోను. అంచనా వేసేవాళ్లంతా ఎక్కడో ఒకచోట గీత గీసుకుని అంచనా వేస్తారని చెప్పాను. "గీత యాడ గీసినవో పక్కన రాయాలె మరి" అంది. అప్పటి నుంచి ఆమె నోటుపుస్తకంలో ప్రతి అంకె పక్కనా చిన్న అక్షరాలతో ఒక మాట ఉండేది. బస్సు నిండా. బస్సు ఖాళీ. ఎండకాలం. చలికాలం.

చాయ మాత్రం మమ్మల్ని బోల్తా కొట్టించింది. మంట లెక్క కడితే కప్పుకు నలభై గ్రాములు కూడా రాలేదు. ఇంతేనా అని నిరాశపడింది. అప్పుడు పాల సంగతి చెప్పాను. బర్రె నెమరు వేస్తూ తేన్చినప్పుడు కడుపులోంచి మీథేన్ అనే వాయువు వస్తుంది, అది బొగ్గు వాయువు కంటే ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది, కాబట్టి చాయలో మంట కంటే పాల వాటాయే చాలా ఎక్కువ అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ సాయంత్రం పాలు పోసే ఆమె రాగానే, "నీ బర్రె దినాం ఎన్నిసార్లు తేనుస్తది పిల్లా?" అని అడిగింది. ఆమె సీరియస్‌గా ఆలోచించి, "మా బర్రెకేం రోగం లేదక్కా" అంది.

ఇదంతా సరదాగా ఉందనుకునే రోజుల్లోనే నేను ఒక తప్పు చేశాను. చిన్నమ్మ గురించి చెప్పాలంటే దాని గురించి చెప్పక తప్పదు.

ప్రదర్శన కోసం పిల్లలు తమ వాడకట్టులో నలభై ఇళ్ల కరెంటు బిల్లులు చూసి రాసుకొచ్చారు. మన దగ్గర ఒక యూనిట్ కరెంటుకు ముప్పావు కిలో నుంచి కిలోదాకా వాయువు పోతుందని అంచనా. దాన్ని యూనిట్లతో హెచ్చవేసి, ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందితో భాగించి పెద్ద చార్టు వేశాం. పేర్లు రాయలేదు, ఇంటి నంబర్లు మాత్రమే రాశాం. తక్కువ వచ్చిన ఇళ్లకు పచ్చ రంగు, ఎక్కువ వచ్చిన వాటికి పసుపు. అన్నింటికంటే ఎక్కువ వచ్చిన ఒక్క ఇంటికి ఎర్ర రంగు. ఆ ఎర్ర రంగు నేనే వేశాను. చూడగానే కళ్లకు కొట్టొచ్చినట్టు ఉండాలని.

ప్రదర్శన రెండు రోజులు. రెండో రోజు పొద్దున చిన్నమ్మ చూడటానికి వచ్చింది. పిల్లలు చేసినవన్నీ ఒక్కొక్కటిగా చూసి, ప్రతిదాని ముందూ ఆగి ప్రశ్నలు వేసింది. చార్టు దగ్గరికి వచ్చాక కళ్లద్దాలు సర్దుకుని ఎర్ర గడి మీద వేలు పెట్టింది.

"ఈ ఇంటికి పోయినవా నువ్వు?"

"లేదు చిన్నమ్మా. పిల్లలు పోయి బిల్లు రాసుకొచ్చిండ్రు. ఇద్దరే ముసలోళ్లు ఉంటరట. ఇద్దరికి అంత కరెంటంటే రెండు ఏసీలన్న ఉంటయి."

"ఉంటయా, ఉన్నయా?"

నేను పిల్లలు రాసుకొచ్చిన కాగితం తిరగేశాను. అందులో అంకెలే ఉన్నాయి.

"వ్యాగన్ పైన పైన తీసి శాంపిల్ అంటే మా ల్యాబుల వాపస్ పంపుతుంటిమి. నడిమిట్ల తియ్యాలె, అడుగున తియ్యాలె, నాలుగు మూలలకెల్లి తియ్యాలె. నువ్వు బిల్లు పైన చూసినవ్. ఇల్లు నాకెరికే. పద."

మధ్యాహ్నం భోజనాల విరామంలో ఆటో ఎక్కి వెళ్లాం. ఓపెన్‌కాస్టు గనిలో బండలు పేల్చే వేళ అది. మేం ఆ ఇంటి గేటు తీస్తుండగానే కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఆ ఇంటి పెద్దాయన ఒకప్పుడు భూగర్భ గనిలో బొగ్గు కొట్టిన కార్మికుడు, చిన్నాయనతో కలిసి పనిచేసినవాడు. చిన్నమ్మ ఆయన్ని అన్నా అనీ, ఆయన భార్యను వదినా అనీ పిలిచేది. ముందుగదిలో మంచం మీద రెండు దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక్కొక్క ఊపిరికీ భుజాలు పైకి లేస్తున్నాయి. మంచం పక్కన నడుమెత్తు డబ్బా ఒకటి, దానికి గొట్టం. గాల్లోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే మిషన్ అది. గొట్టం ఆయన ముక్కుకు లేదు, మంచం కోళ్లకు చుట్టి ఉంది. మిషన్ ఆగి ఉంది.

"రా చెల్లె. టీచరమ్మనా? కూసో బిడ్డా" అన్నాడు. ఊపిరి తీసుకుని, "మా ఇల్లు బడిల ఫస్టొచ్చిందటగా" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. అది నన్ను ఇంకా చిన్నబుచ్చింది.

ఆయన భార్య వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది. "నిన్న పక్కింటామె చూసొచ్చి చెప్పింది. గప్పటిసంది మిషన్ బంద్ వెట్టుకుంట కూసుంటుండు. అందరికంటే ఎక్కువ మనమే గాలి కరాబు చేస్తున్నమట అని. నేను ఏస్త, ఆయన తీస్తడు. నా మాట వింటలేడు."

 ఆ మిషన్ పగలూ రాత్రీ నడవాల్సిందని డాక్టరు చెప్పాడట. నా చార్టు మీద ఒక రంగు చూసి ఆయన నిన్నటి నుంచి గాలి తగ్గించుకుని కూర్చున్నాడు. "మామా, నన్ను క్షమించు, నాకు తెలువదు, ముందు మిషన్ పెట్టుకో" అన్నాను. ఆయన చేయి ఊపి, "నువ్వు ఉన్నదే రాస్తివి బిడ్డా. లెక్క లెక్కనే గదా" అన్నాడు.

బతిమాలితే వినే మనిషి కాదని చిన్నమ్మకు తెలుసు. ఆమె బతిమాలలేదు. కింద కూర్చుని, మిషన్ వెనక అంటించిన రేకు మీద అక్షరాలు చదివింది.

"అన్నా, గిది గంటకు మూడో వంతు యూనిట్ కంటే జర ఎక్కువ తింటది. నిన్నటిసంది నువ్వు ఎన్ని గంటలు బంద్ వెట్టినవ్?"

"పది గంటలుంటది."

"అంటే మూడు నాలుగు యూనిట్లు. మూడు నాలుగు కిలోలు. గంతే నువ్వు మిగిలిచ్చింది." లేచి వంటింట్లోకి వెళ్లింది. నన్ను పిలిచింది. మూలన పాత ఫ్రిజ్ ఆగకుండా గురగురమంటోంది. నా సంచిలోంచి కాగితం ముక్క అడిగి తీసుకుని, ఫ్రిజ్ తలుపు అంచులో పెట్టి మూసి లాగింది. కాగితం పట్టు లేకుండా జారి వచ్చేసింది. నాలుగు వైపులా చూసింది. మూడు వైపులా రబ్బరు వదులైపోయింది.

"వదినా, బాత్‌రూంల గీజర్ ఎప్పుడు బంద్ చేస్తరు?"

"ఈయనకు ఉడుకు నీళ్లు ఎప్పుడు గావాలెనో అని వేసే ఉంచుత."

చిన్నమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది. "ఇగో అన్నా. సల్లగాలి పోయే ఫ్రిజ్, దినమంత కాగే గీజర్. రెండు కలిపితే నీ మిషన్ అంత తింటయి, ఇంక జర ఎక్కువనే తింటయి. రబ్బరు మార్పియ్యి. గీజర్ తానానికి ముందుగాల వేసి బంద్ పెట్టుండ్రి. నీ మిషన్ మాత్రం నడవనీ. తగ్గియ్యాలనుకుంటే తగ్గేది చూసుకోవాలె గని, ఊపిరి ఆపుకుంటే ఎట్ల?"

ఆయన ఆమె చేతిలోని నోటుపుస్తకం వైపు చూశాడు. "రెండు సార్లు లెక్క వెయ్యి" అన్నాడు. వేసింది. నోటుపుస్తకం ఆయన చేతికిచ్చింది. ఆయన వేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదువుకున్నాడు. చదవడం అయ్యాక తనే మంచం కోడు నుంచి గొట్టం విప్పి అందుకుని ముక్కుకు పెట్టుకున్నాడు. చిన్నమ్మ బటన్ నొక్కింది. మిషన్ నడిచిన చప్పుడు విని ఆయన భార్య గుమ్మంలోనే కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

కొంచెం ఊపిరి అందాక ఆయన నన్ను అడిగాడు. "మరి నేను ఇడిచే ఊపిరికెంత టీచరమ్మా? దాన్ని గూడ రాసినవా?"

రాయలేదని చెప్పాను. మనం విడిచే ఊపిరిలోనూ అదే వాయువు ఉంటుంది గానీ, అది మనం తిన్న అన్నంలోంచి వచ్చిందనీ, ఆ వరి దాన్ని మొన్ననే గాలిలోంచి తీసుకుందనీ, అందువల్ల గాలికి కొత్తగా ఏమీ కలవదనీ చెప్పాను. బొగ్గు అలా కాదు. ఎన్నడో భూమిలోకి పోయి పడుకున్నదాన్ని మనం లేపి పంపుతున్నాం.

"లేపింది మేమే" అన్నాడాయన. నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక, "ముప్పై ఆరేండ్లు కొట్టిన. గా బొగ్గు ఎవల పేరు మీద రాస్తవు? నా పేరు మీదనా? కాల్చినోళ్ల మీదనా? హైదరాబాదుల గా కరెంటుతోని ఫ్యాన్ తిప్పుకున్నోళ్ల మీదనా?"

చిన్నమ్మ ఆయన వంక తనకు తోడు దొరికినట్టు చూసింది. ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరూ దాని మీద చాలాసేపు వాదించుకున్నారు. నా భోజనాల గంట అయిపోయి, తర్వాతి పీరియడ్ కూడా పోయింది. ముగ్గురి పేరునా రాస్తే ఒకే బొగ్గు మూడుసార్లు లెక్కకొస్తుందని ఆమె, ఎవరి పేరునా రాయకపోతే అసలే లెక్కకు రాదని ఆయన. చివరికి తేలలేదు. పుస్తకాలు ఫ్యాన్ వేసుకున్నవాడి పేరునే రాస్తాయని చెప్పాను. "గట్లయితే ఫ్యాన్ వేసుకున్నోనికి మనం ఒకసారి బాయి చూపియ్యాలె" అన్నాడాయన.

బడికి తిరిగి వస్తూ ఆటోలో నేను ఏడ్చాను. చార్టు చింపేస్తానన్నాను. చిన్నమ్మ ఒప్పుకోలేదు. "చింపితే ఏమొస్తది? తప్పు ఏడ చేసినవో గది దిద్దు." కనీసం ఆ ఇంటి నుంచి మిషన్ కరెంటు తీసేస్తానన్నాను. దానికీ ఒప్పుకోలేదు. "తీస్తే అబద్ధమైతది. ఉన్నది రాయి. ఎందుకున్నదో పక్కన రాయి. రంగులు మాత్రం తీసెయ్యి. బొగ్గుకు గ్రేడు ఇస్తరు గని మనుషులకిస్తరా?"

ఆ సాయంత్రం పిల్లలూ నేనూ కలిసి చార్టు మళ్లీ వేశాం. ఈసారి ఇళ్ల నంబర్లు లేవు, పనులే ఉన్నాయి. బకెట్ నీళ్లు కాచుకుంటే అర కిలో. ఫ్యాన్ రాత్రంతా తిరిగితే ఎంత, రబ్బరు పోయిన ఫ్రిజ్‌కు ఎంత, నిండిపోయి కారే ట్యాంకుకు నీళ్లు తోడే మోటారుకు ఎంత. ఒక వరుసలో "ఊపిరి మిషన్: రోజుకు ఆరు నుంచి ఎనిమిది కిలోలు. ఆపకూడదు" అని రాసి ఉంది. ఆ అక్షరాలు చిన్నమ్మవి. పెద్దపల్లిలో జిల్లా ప్రదర్శనకు తీసుకెళితే బహుమతి రాలేదు. అంకెలు ఖచ్చితంగా లేవని, "ఇంత నుంచి ఇంత" అని ఉన్నాయని న్యాయనిర్ణేత ఒకాయన అన్నారు. చిన్నమ్మ అది విని, "ఖచ్చితంగ రాస్తే ఆయన ఎట్ల నమ్ముతడు?" అని ఆశ్చర్యపోయింది.

ఆ పెద్దాయన ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. ఒక్క పూట కూడా మిషన్ ఆపలేదని ఆయన భార్య చెప్పింది. ఫ్రిజ్‌కు కొత్త రబ్బరు వేయించిన రోజున చిన్నమ్మకు ఫోన్ చేసి, కాగితం ముక్క ఇప్పుడు లాగినా రావడం లేదని చెప్పాడట.

నేను ఆ తర్వాత పిల్లలతో ఈ అంచనాలు వేయించిన ప్రతిసారీ ఒక నియమం పెట్టాను. బిల్లు చూసే ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడాలి. ఎవరెవరు ఉంటారు, ఏం పని చేస్తారు, ఎవరికి ఏం బాధ ఉంది అని అడగాలి. పిల్లలు ఆలస్యంగా వస్తారు, సగం ఇళ్లలో చాయలు తాగి వస్తారు. కానీ వాళ్లు తెచ్చే అంకెల వెనక ఇప్పుడు మనుషులు ఉంటారు. ఇది నాకు ఏ శిక్షణా తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు.

చిన్నమ్మకు చివరిదాకా అనుమానాలు తీరలేదు. చర్చిలో పాట పాడుతూ తలెత్తి ఫ్యాన్లు లెక్కపెట్టేది. జ్యోతినగర్‌లో పెళ్లికి పోతే వంటవాళ్ల దగ్గర నిలబడి ఎన్ని సిలిండర్లు తెచ్చారని అడిగేది. కానీ ఎవరినీ తప్పుపట్టేది కాదు. పెళ్లిలో కడుపునిండా తిని, ఇంటికొచ్చి లెక్క వేసుకుని, "వెయ్యి మందికి వండిండ్రు, తలకు చూస్తే మన ఇంట్లకంటే తక్కువనే పడ్డది" అని సంబరపడేది. ఆమెకు కావలసింది తెలుసుకోవడం. తెలుసుకున్నాక ఏదైనా తగ్గించగలిగితే తగ్గించేది, లేకపోతే రాసి పెట్టేది. ఆఖరుసారి నేను చూసినప్పుడు, పోయిన నెల, ఉతికిన బట్టలు ఇస్త్రీ చేయకుండా మడిచి దిండు కింద పెట్టుకుని పడుకుంటే ముడతలు ఎంత పోతాయో పరీక్ష చేస్తోంది. "పావు వంతు పోతయి" అంది. "గా పావు వంతుతోని చర్చికి పోవచ్చు. పెండ్లికి పోరాదు."

ఆదరణ కూడిక అయిపోయాక సాయంత్రం నేను స్కూటీ మీద ఒక్కదాన్నే ఇంటికి బయలుదేరాను. రోడ్డు మీద టార్పాలిన్లు కప్పిన బొగ్గు లారీలు ఒకదాని వెనక ఒకటి వెళుతున్నాయి. స్పీడ్ బ్రేకర్ దగ్గర లారీ ఎగిరినప్పుడల్లా చెంచాడో దోసెడో బొగ్గు రాలుతోంది. అక్కడ నా వయసు ఆమె ఒకతె చీపురుతో రోడ్డు అంచు ఊడుస్తోంది. లారీ వచ్చినప్పుడు పక్కకు జరుగుతుంది, అది పోగానే మళ్లీ వంగుతుంది. రాళ్లు ఏరి పారేసి, మిగిలింది చాటతో గంపలోకి ఎత్తుతోంది. నేను బండి ఆపాను. ఎందుకు ఆపానో ఆమెకు అర్థం కాలేదు. అనుమానంగా చూసింది.

"ఏం వండుతవక్కా దీంతోని?" అని అడిగాను.

"ఉలువలు నానవోసిన" అంది. "గ్యాస్ మీద పెడితే గ్యాసంత గుంజుతయి. బొగ్గుల పొయ్యి మీద పెట్టి మరిస్తే సరిపోతది." నన్ను ఎగాదిగా చూసి, "నీకెందుకు చెల్లె?" అంది.

"ఊకెనే. తెలుసుకుందామని."

ఆమె నవ్వింది. వంగి గంపను రెండు చేతులా కొంచెం పైకెత్తి బరువు చూసుకుంది, ఎక్కువనిపించిందేమో రెండు దోసెళ్లు చెట్టు మొదట్లో పోసి కొంగును తల మీద చుట్టగా చుట్టి గంపను పెట్టుకుంది. వాలిన ఎండలో రోడ్డు అంచున నడిచిపోతుంటే గంప అల్లికలోంచి సన్నటి నల్లపొడి జారుతూ, గాలికి చెదురుతూ, ఆమె వెనకే కొంత దూరం పోయింది.